బుద్రి లందా కుండలు, నా హైడ్రోమీటరు

1996 వర్షాకాలం మొదలయ్యేనాటికి నేను మైదానంలోని ఒక ప్రయోగశాలలో సహాయ రసాయనిక పరీక్షాధికారిగా ఉన్నాను. దాడుల్లో పట్టుబడ్డ ద్రవాల్లో మద్యం ఉందా, ఉంటే ఎంత బలం అని తేల్చి, సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. రాష్ట్రంలో మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి. దుకాణాలు మూతపడ్డాయి కదా, ఇక నీకు పనేముంటుందని మా ఇంట్లోవాళ్లు అనుకున్నారు. నిజానికి పరీక్షకు వచ్చే సీసాలు బల్లల మీద పట్టక వరండాలో పేర్చేవాళ్లం.

నేను మద్యం ముట్టను. ఆ ఉద్యోగంలో చేరేటప్పుడు మా అమ్మ అడిగిన ఒకే ఒక్క మాట అది. పదకొండేళ్లలో వేలకొద్దీ సీసాల మూతలు తీశాను గానీ ఒక్క చుక్క నాలుక దాటలేదు. ఈ సంగతి ఇప్పుడే చెప్పడం మంచిది, ఎందుకంటే ఆ రికార్డు ఈ కేసులోనే పోయింది.

పరీక్ష పద్ధతి కష్టమైనదేమీ కాదు. దాడి చేసిన అధికారి ద్రవాన్ని సీసాల్లో నింపి, బిరడా బిగించి, లక్క పోసి ముద్ర వేసి పంపుతాడు. ముద్ర చెదరలేదని చూసుకుని మేం రిజిస్టరులో ఎక్కిస్తాం. వంతు వచ్చినప్పుడు కొలిచిన ద్రవాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టుకుని, మళ్లీ అసలు కొలతకు వచ్చేలా నీళ్లు కలుపుతాం. అందులో హైడ్రోమీటరును తేలనిస్తాం. అడుగున బరువు, పైన గీతలున్న గాజు గొట్టం అది. ఎంత లోతుకు మునిగిందో చూసి బలం చెప్పవచ్చు. సారా అయితే ఏడాది ఆగి చూసినా అదే లెక్క చూపిస్తుంది. అందుకని ఏ సీసా ఎన్నాళ్లు వంతుకోసం కూర్చున్నా మేం పట్టించుకునేవాళ్లం కాదు.

పాడేరు కొండల్లోని పెదబయలు వైపునుంచి మూడు సీసాలు వచ్చాయి. చీటీమీద 'నాటు మద్యం, చోడి' అని ఉంది. రాగులను మా ఉత్తరాంధ్రలో చోళ్లు అంటాం. లోపల మట్టిరంగు జావ. బల్లమీద చోటు లేక మూడింటినీ నా స్టీలు బీరువాలో, హాజరు పుస్తకం పక్కన పెట్టి తాళం వేశాను.

వారం తిరగకముందే మా అటెండరు అప్పలరాజు నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి, "సార్, బీరువాలో ఎవులో ఉన్నారండి. ఊపిరి తీత్తన్నారు," అన్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, అబద్ధమాడడు. నేను వెళ్లి చెవి పెట్టాను. సన్నగా బుసబుస వినిపించింది. పాము దూరిందనుకుని ఇద్దరం కర్ర వెతుకుతుండగా లోపల ఢామ్మని పేలింది. తలుపు తీసేసరికి ఒక సీసా మెడ లేదు. హాజరు పుస్తకం నిండా అంబలి. ఆ నెల మా సిబ్బంది సంతకాలన్నీ పుల్లటి వాసన వేశాయి.

మిగిలిన రెండు సీసాల మూతలు తీయడానికి అప్పలరాజు పక్కింటి గుమాస్తా దగ్గర స్కూటరు హెల్మెట్ తెచ్చాడు. అది పెట్టుకుని తీశాను. పరీక్షించాను. వందకు దాదాపు ఆరు పాళ్ల మద్యం తేలింది. 'ఒక సీసా పగిలినది. మిగిలిన రెండింటిలో మద్యం కలదు' అని సర్టిఫికెట్ రాసి పంపేశాను. పేలిన సీసా నాకేదో చెబుతోందని అప్పుడు తట్టలేదు.

నెల తిరక్కుండా విచారణకు రమ్మని పాడేరునుంచి కబురు వచ్చింది. ముద్దాయి పేరు బుద్రి. యాభై దాటిన రైతు. భర్త లేడు. కొండవాలులో మడులు కట్టుకుని వరి, పైన చోళ్లు, కాస్త కాఫీ పండిస్తుంది. ఆ ఊళ్లో కూలికి నాట్లు వేయరు. ఒకరి మడిలో ఊరంతా దిగుతుంది. ఆ మడి యజమాని తిండితో పాటు చోళ్లను పులియబెట్టి చేసిన లందా పోయాలి. బుద్రి వంతుకోసం పెట్టిన కుండలనే కొత్తగా వచ్చిన ఎస్సై ప్రసాదరావు పట్టుకున్నాడు. లందా లేదు గనక నాట్లు పడలేదు. నారు ముదిరిపోతోంది. మద్యం తయారీ నేరం రుజువైతే ఆమె జైలుకు వెళ్లాలి. ఇంటి తిండిగా పెట్టుకున్న అంబలి అని తేలితే వదిలేస్తారు. ఈ రెండింటికీ నడుమ ఉన్నది నా సర్టిఫికెట్ ఒక్కటే.

విచారణాధికారి పెద్దాయన, నెమ్మదస్తుడు. నా సర్టిఫికెట్ చదివి, ఏమైనా అడుగుతావా అని బుద్రిని అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది.

"ఏటి బాబూ, ఎన్నో రోజుది పరీచ్చ సేసినావు?"

రిజిస్టరు చూసి, కుండ పెట్టిన రోజునుంచి లెక్కవేసి, పన్నెండో రోజుదని చెప్పాను.

"పన్నెండో రోజుదా!" అని ఆమె నోటిమీద చెయ్యి వేసుకుంది. "పన్నెండో రోజుది మా ఊర్లో మనిసన్నోడు తాగడు బాబూ, పందులకి పోసేత్తాం. ఈ ఎస్సై బాబు పట్టికెల్లింది రెండో రోజున. అప్పుటికది అంబలే. నాను సేసింది అంబలి. దాన్ని సీసాలో బిగించి, బీరువాలో ఎట్టి, సారా సేసింది ఈ బాబు. కేసు ఆయన మీదెట్టండి."

విచారణాధికారి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఫైలు కాసేపు కదిలింది. తర్వాత నన్ను అడిగాడు: పట్టుకున్న గంటలో దాని బలం ఎంతో చెప్పగలరా? చెప్పలేనన్నాను. అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. నేను ఆ ఊరు వెళ్లాలి. ముద్దాయి నా ఎదుట మామూలుగా చేసేట్టే లందా పెట్టాలి. మొదటి రోజునుంచి చివరిదాకా రోజూ బలం కొలిచి, పేజీలకు అంకెలు వేసిన పుస్తకంలో రాయాలి. ఎస్సై సాక్షిగా ఉండాలి. పరీక్షకు తీయగా మిగిలిన ద్రవాన్ని ఎప్పటికప్పుడు సాక్షుల సమక్షంలో నాశనం చేయాలి.

జీపు పోయినంత దూరం పోయి, మిగతా దారి నడిచాం. హైడ్రోమీటర్లు, థర్మామీటరు, పిపెట్లు, స్పిరిట్ దీపం, బట్టీలాంటి చిన్న గాజు సరంజామా నేను మోశాను. ప్రసాదరావు తుపాకీ లాంటి గంభీరమైన మొహం మోశాడు. బడి వరండాలో దిగాం.

బీరు చేసేవాళ్లు బార్లీతో చేసే పనే బుద్రి చోళ్లతో చేస్తుంది. ముందు కొన్ని చోళ్లు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసురుతుంది. ఈ మొలక పిండి లేకపోతే ఉడికిన పిండి తీపెక్కదు, తీపెక్కనిది పులిసినా మత్తెక్కదు. మిగతా చోడిపిండిని తడిపి ఆవిరిమీద ఉడికిస్తుంది. గోరువెచ్చగా అయ్యాక రెండూ కలిపి కుండలో వేసి నీళ్లు పోసి, మూతికి ఆకు కడుతుంది. బిగించి కట్టదు. లోపలి గాలి బయటికి పోవాలి. మా బీరువా ఆ పని చెయ్యలేదు.

కుండలు మూడు. ఒకటి చివరిదాకా కొలవడానికి, ఒకటి రెండో మూడో రోజుల లెక్క సరిచూసుకోవడానికి, మూడోది అవసరానికి. మూడో కుండ లోపల గోడలకు నల్లగా ఏదో పట్టి ఉంది. ప్రయోగశాల మనిషిని కదా, చూస్తూ ఊరుకోలేకపోయాను. బుద్రి లేనప్పుడు దాన్ని వాగుకు తీసుకుపోయి, నా సబ్బుతో, పీచుతో, తళతళలాడేదాకా తోమి, ఎండబెట్టి తెచ్చి యథాస్థానంలో పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఇంట్లోని మసకలో ఆమె గమనించకుండానే అందులో పిండి నింపేసింది.

ఆమె కుండలను రోజూ చెవితో పరీక్షించేది. వంగి, కుండ పొట్టకు చెవి ఆనించి, కళ్లు మూసుకునేది. రెండో రోజున మొదటి రెండు కుండలూ మాట్లాడుతున్నాయంది. మూడోదాని దగ్గర చాలాసేపు వంగి ఉండి లేచింది.

"దీన్నేటి సేసినావు బాబూ?"

కడిగానని చెప్పాను.

"సబ్బెట్టా?"

సబ్బుతోనే అన్నాను. ఆమె ఆ కుండ పక్కన కూలబడింది. "మాయత్త ఇచ్చిన కుండ బాబూ. దీని గొంతు పిసికీసినావు," అంది. మజ్జిగ తోడు ఎలాంటిదో పులియబెట్టే ఈస్టు అలాంటిది. అది ఆ కుండ గోడల నల్లటి పొరలోనే బతుకుతుంది. తరాలుగా అక్కడే కాపురమున్న కోట్లాది జీవాలను నేను ఒక్క సబ్బుబిళ్లతో ఖాళీ చేయించాను. నాలుగో రోజున చూస్తే అది పాడైన గంజి వాసన వేసింది. ఆ తప్పు కూడా పుస్తకంలో రాశాను. ప్రసాదరావు సాక్షి సంతకం చేస్తూ మొదటిసారి నవ్వాడు.

హైడ్రోమీటరుతో కూడా గౌరవం దక్కలేదు. మరిగించకముందు తీపి ఎంతుందో చూద్దామని దాన్ని నేరుగా కుండలో వేశాను. లందా చిక్కటి జావ కదా, గొట్టం మునగలేదు, తేలలేదు, పాతిన గుంజలా నిలబడింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు అది పడుతుందా లేదా అని పందెం కట్టుకున్నట్టు చూశారు. చివరికి వడగట్టాలని నిర్ణయించాను. సన్నటి గుడ్డ ప్రసాదరావు కొత్త తువాలు ఒక్కటే దొరికింది. అది మళ్లీ తెల్లబడలేదు.

అయినా రెండో రోజు లెక్క చక్కగా తేలింది. అప్పట్లో దాడి జరిగిన గంటకే, ఎస్సై గడియారం చూసి చెప్పగా, నమూనా తీసి మరిగించాను. వందకు ఒక పాలు కూడా లేదు. రెండో కుండలోనూ అంతే. ప్రసాదరావు హైడ్రోమీటరు గీతను తనూ చూసి, మళ్లీ చూసి, పుస్తకంలో సాక్షి సంతకం పెట్టాడు.

ఒక సాయంత్రం బుద్రి నాకు లందాలో రకాలు చెప్పింది. అంతవరకూ అదంతా ఒకటే ద్రవమని నా అభిప్రాయం. మొదటి రోజుది తియ్యగా ఉంటుంది, పిల్లలకు పెడతారు. మూడో రోజుది పనిది. నడుం పట్టదు, కాళ్లు తడబడవు. ఐదో రోజుది పెళ్లిది. ఏడో రోజుది బాగా పులిసి మొహం ముడతలు పడేట్టుంటుంది.

"అదెవరికి?" అన్నాను.

"ఇయ్యంకులకి. ఓ దొన్నె తాగి బేగి ఎల్లిపోతారు," అంది.

మూడో రోజు ఉదయం రెండో కుండ పరీక్ష పూర్తయింది. ఉత్తర్వు ప్రకారం మిగిలింది నాశనం చేయాలి. ఊళ్లోవాళ్లందర్నీ సాక్షులుగా పిలవమని బుద్రికి చెప్పాను. వచ్చారు. నారుకట్టలతో వచ్చారు. నాశనం ఏ పద్ధతిలో చేయాలో ఉత్తర్వులో లేదని బుద్రి తరఫున ఒక ముసలాయన ఎత్తిచూపాడు. ఆయనకు చదువు రాదు, అయినా ఆ మాట నిజం. నేను ఉత్తర్వు రెండుసార్లు చదివాను. ప్రసాదరావును సలహా అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, నేలమీద పోస్తే వాగులో కలుస్తుందండీ అన్నాడు.

మధ్యాహ్నానికి ద్రవం సంపూర్ణంగా నాశనమైంది. బుద్రి మడిలో సగం నాట్లు పడ్డాయి. సాక్షిగా గట్టుమీద నిలబడాల్సిన ఎస్సై ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నారుకట్టలు అందిస్తున్నాడు. ఆయన నాశనంలో పాలుపంచుకున్నాడని నేను రాయలేదు, పంచుకోలేదనీ రాయలేదు. పంచనామా కింద ముప్పై ఒక్క వేలిముద్రలు పడ్డాయి. కొన్ని కాస్త పక్కకు పడ్డాయి.

ఇక ఐదో రోజు. దీన్ని దాటవేయాలని ఉంది గానీ, దాటవేస్తే మిగతాది అర్థం కాదు.

పిపెట్ అంటే కొలత గుర్తు ఉన్న సన్నటి గాజు గొట్టం. ఆ రోజుల్లో దాన్ని నోటితోనే పీల్చి ద్రవాన్ని గుర్తుదాకా తెచ్చేవాళ్లం. పీల్చడానికి రబ్బరు బుడ్డి ఉంటుంది, మాకు మంజూరు కాలేదు. నీళ్లలాంటి సారా అయితే చేయి తిరిగినవాడికి నోట్లోకి రాదు. లందా అలా కాదు. ముక్క అడ్డుపడి రాదు, గట్టిగా పీలిస్తే ఒక్కసారిగా వచ్చేస్తుంది. నోట్లోకి వచ్చింది ఉమ్మబోతే బుద్రి రెండో రోజున అడ్డుపడింది. "కుండ కాడ ఉమ్మకూడదు బాబూ, దానికి కోపమొత్తాది. ఇంక పొంగదు." ఒక కుండను అప్పటికే చంపినవాణ్ణి. రెండోసారి ఆ నింద మోయలేక మింగాను. ఆ రోజు అది అంబలే గనక ఏమీ కాలేదు. మూడు, నాలుగు రోజుల్లో ఒక్కో నమూనాతో సరిపెట్టాను. ఐదో రోజున లెక్క కచ్చితంగా ఉండాలని, రెండో రోజున చేసినట్టే, ఉదయంనుంచీ గంటకొక నమూనా, ఒక్కోటి మూడుసార్లు తీశాను.

మధ్యాహ్నం నాకు చాలా సుఖంగా అనిపించింది. పదకొండేళ్లలో నేనింత శ్రద్ధగా ఎప్పుడూ పనిచేయలేదనిపించింది. హైడ్రోమీటరు నన్ను చూసి తల ఊపినట్టుంది, నేనూ ఊపాను. ఒక కోడికి ద్రవాల సాంద్రత గురించి వివరించానని తర్వాత ప్రసాదరావు చెప్పాడు. కోడి చివరిదాకా విన్నదట. ఆపైన పుస్తకం తీసి ఏదో రాసి, సంతకం పెట్టి, నిద్రపోయాను.

మర్నాడు ఉదయం పుస్తకం తెరిస్తే నా దస్తూరీయే, కాస్త పెద్ద అక్షరాల్లో ఉంది. మొదట సంఖ్యలు సరిగ్గానే ఉన్నాయి. వాటి కింద ఇలా ఉంది: 'ద్రవం సంతోషంగా ఉంది. ఎస్సైగారు మంచివారు. కొండ కొంచెం ఎడమకు జరిగింది.' కింద నా సంతకం, సాక్షిగా ఎస్సై సంతకం. పేజీలకు అంకెలున్నాయి గనక చింపడానికి లేదు. కొట్టివేస్తే ప్రతి కొట్టివేత పక్కనా కారణం రాసి పొట్టి సంతకం పెట్టాలి. కారణం ఏమని రాయను? అలాగే వదిలేశాను.

పాడేరులో మళ్లీ విచారణ. విచారణాధికారి పుస్తకాన్ని మొదటి పేజీనుంచి చదివాడు. రెండో రోజు లెక్క దగ్గర తల ఊపాడు. ఐదో రోజు పేజీ దగ్గర ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. తర్వాత ఆ మూడు వాక్యాలూ పైకి చదివాడు, ఏ మాటనూ నొక్కి పలకకుండా, తీర్పు చదివినట్టు. అభియోగం తరఫు అధికారి లేచి, రాసిన మనిషి స్పృహ ఇలా ఉన్నప్పుడు ఈ పుస్తకంలో ఏ అంకెనైనా ఎలా నమ్మడం అన్నాడు. సరైన ప్రశ్నే.

నాకు రెండు దారులున్నాయి. ఆ పేజీ ఆటపట్టించడానికి ఎవరో రాశారనవచ్చు. అలా అంటే నా ఉద్యోగం, మా అమ్మకిచ్చిన మాట రెండూ పైకి నిలబడతాయి గానీ, పుస్తకం మొత్తం అనుమానంలో పడుతుంది, రెండో రోజు లెక్క కూడా పోతుంది. బుద్రి నా వైపు చూడటం లేదు. ఆమె తన చేతుల గోళ్లలోని మట్టి చూసుకుంటోంది. మిగతా సగం మడి ఇంకా ఖాళీగానే ఉందని నాకు తెలుసు.

లేచి నిలబడి చెప్పాను: ఆ పేజీ నేనే రాశాను. నమూనా తీస్తూ మింగాను. మత్తెక్కింది. రెండో రోజున ఇంతే మింగాను, ఏమీ కాలేదు, ఆ పేజీలో నా దస్తూరీ చూడవచ్చు. హైడ్రోమీటరు చెప్పినదే నా ఒళ్లూ చెప్పింది. మద్యం ముట్టనివాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకంటే సున్నితమైన పరికరం మా ప్రయోగశాలలో లేదు.

ప్రసాదరావు లేచి, తాను ఎదురుగా ఉన్నానని, కొండ జరిగిన సంగతి తప్ప మిగతా అన్నీ నిజమని సాక్ష్యం ఇచ్చాడు.

పట్టుకున్న సమయానికి అది అంబలే అని నిర్ణయించి కేసు కొట్టివేశారు. బయట వరండాలో బుద్రి నా దగ్గరకు వచ్చింది. "బాబూ, నువ్వు మంచోడివే గానీ, మా ఊరొత్తే సబ్బట్టుకు రావద్దు," అని చెప్పి, పెదబయలు బస్సుకు వేళవుతోందని గబగబా వెళ్లిపోయింది. ఆ వారంలోనే మిగతా మడి నాటుకున్నారని ప్రసాదరావు తర్వాత కబురు చేశాడు. తానెలా తెలుసుకున్నాడో చెప్పలేదు.

మా పై అధికారి నన్ను పిలిచి లిఖితపూర్వకంగా మందలించారు. ఆ ఏడాది నా రహస్య నివేదికలో 'క్షేత్ర పరిశోధనలో మితిమీరిన ఉత్సాహం' అని రాశారు. ప్రమోషన్ కొంత ఆలస్యమైంది. పిపెట్లకు రబ్బరు బుడ్డీలు మాత్రం అదే నెలలో మంజూరయ్యాయి. ఇంట్లో అమ్మకు జరిగింది చెప్పాను. అది అంబలి కదా, అంబలికి మాట తప్పడమేమిటి అంది.

ఆ సంఘటన వల్ల నేను నేర్చుకున్నది ఇది. నా మొదటి సర్టిఫికెట్‌లో అంకె తప్పు కాదు. పన్నెండో రోజున ఆ సీసాలో నిజంగానే ఆరు పాళ్ల మద్యం ఉంది. కానీ విచారణాధికారి అడగదలచింది రెండో రోజు సంగతి. అడగని ప్రశ్నకు ఇచ్చిన సరైన జవాబుతో ఒక మనిషి జైలుకు వెళ్లేది. పులిసే నమూనాలను పట్టుకున్నచోటే మరిగించి పులియడం ఆపాలని, చీటీమీద తేదీతో పాటు గంట కూడా రాయాలని మా ప్రయోగశాలకు ఒక సూచన రాసి పెట్టాను. అమలుకు కొన్నేళ్లు పట్టింది. ఈలోగా గంట రాయని కల్లు, లందా సీసాలు నా బల్లమీదికి వస్తే పరీక్షించకుండా తిప్పి పంపాను. నా సర్వీసులో వాటిలో ఒక్కటీ గంట రాయించుకుని తిరిగి రాలేదు.